వాద్యముఖమున ప్రాథమిక సంగీతవిద్య

ఐదేండ్లు మొదలు పదునొకండేండ్ల వరకు వయసుగల బాలబాలికలకు, పాఠశాలా సమయములోనే, ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క వాద్యమునిచ్చి, విన్నదానిని వాయించుటయు వాయించినదానిని వినుటయు ఏకకాలమున అలవడునట్లు సంగీతమును బోధించు విధానమును వాద్యముఖ సంగీతబోధన యనవచ్చును. విద్వాంసుని ఇంట ఏండ్లతరబడి సాగు గురుశిష్య శిక్షణకును, పెద్ద పాఠశాలలలో నేర్పరులను మాత్రమే ఏరికూర్చు వాద్యబృందములకును దీనికిని భేదము కలదు. ఆ రెండును ఎన్నికైన కొందరికొరకు ఏర్పడినవి. ఇది తరగతిలోని పిల్లలందరికొరకు ఏర్పడినది. గణితము నేర్చిన ప్రతివాడును గణితశాస్త్రజ్ఞుడు కానట్లే ఈ తరగతినుండి వెలువడిన ప్రతి శిశువును వైణికుడో వైణికురాలో కానక్కరలేదు. శ్రుతి కలిసినదో లేదో గుర్తింపగల చెవియు, కాలప్రమాణమును తప్పక నిలుపగల చేయియు, పదిమందితో కలిసి ఒక పనిని సాగింపగల ఓర్పును శిశువునకు అలవడినచో ఈ బోధన ఫలించినట్లే.

ఈ విద్యకు సంబంధించిన చర్చలన్నింటికిని మూలమైన ప్రశ్న యొకటి కలదు: శిశువు మొదట పాడవలెనా, వాయింపవలెనా? గాత్రమే ప్రథమవాద్యమని ఒక పక్షమువారును, చేతికి పని కల్పించినగాని బాలుని మనస్సు నిలువదని మరియొక పక్షమువారును వాదించిరి. ఇరుపక్షములవారి తరగతులను సమీపమునుండి పరిశీలించినచో, చేయి వాయింపబోవుదానిని నోరో, చెవియో, అడుగులో ముందుగా పలుకు ఏర్పాటును ఏదో ఒక రూపమున అందరును చేసికొన్నట్లు కనబడును.

పూర్వచరిత్ర

ఇంద్రియానుభవమునుండి భావమునకు, వస్తువునుండి పేరునకు శిశువును నడపవలెనను సిద్ధాంతమును ఐరోపాలో 17వ శతాబ్దమున కొమీనియస్ ప్రతిపాదించెను. 1762లో వెలువడిన 'ఎమీల్' గ్రంథమున రూసో దానిని బాలశిక్షణ యంతటికిని విస్తరింపజేసెను. స్విట్జర్లాండు దేశీయుడైన పెస్టలోజీ దానిని బడిలో ఆచరించి చూపెను. పెస్టలోజీ అనుయాయులు సంగీతమునకు ఈ సూత్రమును అన్వయించినప్పుడు, ధ్వని ముందు, సంకేతలిపి తరువాత అను నియమము ఏర్పడెను. ఐనను 19వ శతాబ్దమున బడులలో ప్రవేశించిన సంగీతము దాదాపుగా గానమే. 1838లో అమెరికాలోని బోస్టను నగరమున లోవెల్ మేసన్ కృషివలన సంగీతము ప్రభుత్వ పాఠశాలల పాఠ్యాంశమైనప్పుడును, ఇంగ్లండులో జాన్ కర్వెన్ ప్రచారముచేసిన స్వరనామ పద్ధతి వ్యాపించినప్పుడును బాలురకు నేర్పినది పాటలు పాడుటయే. ఇందుకు కారణము సిద్ధాంతముకంటె వ్యయము. గొంతునకు వెల లేదు, వాద్యమునకు కలదు.

ఆ వెలను తగ్గించుటతోనే వాద్యబోధన బడిలో అడుగుపెట్టెను. 1890 దశాబ్ది తుదిలో ఇంగ్లండులోని కెంటు మండలమున మెయిడ్‌స్టన్ పట్టణపు పాఠశాలలో మర్డాక్ అను వాద్యవ్యాపార సంస్థ వయొలిన్లను కొద్దిపాటి వాయిదాలపై సరఫరాచేయగా, పాఠశాల ముగిసిన పిదప పిల్లలకు గుంపుగా పాఠములు చెప్పు పద్ధతి ఆరంభమయ్యెను. ఒక్కొక్క శిష్యునకు ఒక్కొక్క గురువు అను ఐరోపా వయొలిన్ సంప్రదాయమునకు ఇది విరుద్ధమైనను, అనతికాలములోనే వేలకొలది పాఠశాలలకు ప్రాకి, పిల్లల మహాబృందములు లండనులో కచేరీలు చేయు స్థితికి వచ్చినది. ఈ తరగతులను చూచివచ్చిన ఆల్బర్ట్ మిచెల్ 1910 ప్రాంతమున వాటిని బోస్టను బడులలో ప్రవేశపెట్టెను. 1923లో జోసెఫ్ మాడీ, థాడియస్ గిడింగ్స్ అను ఇరువురు వేర్వేరు వాద్యములు పట్టుకొన్న పిల్లలు ఒకే గదిలో ఒకే పాఠమును నేర్చుకొనుటకు అనువగు 'యూనివర్సల్ టీచర్' అను వాచకమును ప్రకటించిరి. అమెరికా పాఠశాలలలో నేటికిని నాలుగవ, ఐదవ తరగతులలో ఆరంభమగు వాద్యబృందములకు మూలములు ఇచ్చటనే కలవు.

ఆ కాలముననే న్యూయార్కు నగరమున సేటిస్ కోల్మన్ అను ఉపాధ్యాయిని భిన్నమైన మార్గమును త్రొక్కెను. మానవజాతి మొదట గిలకను, డప్పును, పిదప పిల్లనగ్రోవిని, తంత్రీవాద్యమును కనుగొన్నట్లే శిశువును ఆ క్రమముననే తన వాద్యమును తానే చేసికొని నేర్వవలెనని ఆమె తలంచెను. 1922లో వెలువడిన ఆమె గ్రంథము, కొని తెచ్చిన వాద్యముతోపాటు చేసికొన్న వాద్యమునకును బడిలో స్థానము కల్పించినది.

నాలుగు సంప్రదాయములు

20వ శతాబ్దమున బాలసంగీతబోధన నాలుగు ప్రధాన ధారలుగా ప్రవహించినది. వీనిలో మొదటిది స్విట్జర్లాండున ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ (1865–1950) నెలకొల్పినది. జెనీవా సంగీతకళాశాలలో తన విద్యార్థులు వ్రాతలో నిర్దుష్టముగా నున్నను లయలో తడబడుచుండుట గమనించి, లోపము వారి శరీరముననే యున్నదని ఆయన తలంచెను. పిమ్మట నడకలు, గంతులు, చప్పట్లు, చేతుల విసురులు మూలముగా కాలప్రమాణమును దేహమునకు పట్టించు అభ్యాసములను కూర్చెను. పసివాడు వాద్యమును పట్టకమునుపే, తానే వాద్యమగుట ఈ పద్ధతి సారము.

రెండవ ధార జర్మను స్వరకర్త కార్ల్ ఆర్ఫ్ (1895–1982) పేరితో ప్రసిద్ధము. 1924లో మ్యూనిక్ నగరమున డొరొథే గుంటర్‌తో కలిసి ఆయన స్థాపించిన పాఠశాల నాట్యమునకును వ్యాయామమునకును సంబంధించినది; అచ్చటి నర్తకులు తమ నాట్యమునకు తామే వాయించుకొనుటకు వీలగు వాద్యములు కావలసివచ్చినవి. కార్ల్ మెండ్లర్ అను వాద్యనిర్మాత ఆఫ్రికా కాష్ఠతరంగముల నమూనాను బట్టి, ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క పలకను పెట్టెపై పేర్చి, ఏ పలకనైన ఊడదీయుటకు వీలుండునట్లు వాద్యములను నిర్మించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ పాఠశాల ధ్వంసమైనది. 1948లో బవేరియా రేడియో పిల్లలకొరకు సంగీత కార్యక్రమమును కోరగా, ఆర్ఫ్ తన సహచరి గునిల్డ్ కీట్‌మన్‌తో కలిసి ఆ వాద్యములనే బాలుర చేతికిచ్చెను. విన్న పిల్లలు తమకును అట్టి వాద్యములు కావలెనని పట్టుపట్టగా, క్లౌస్ బెకర్ 1949లో వాని నిర్మాణమునకై కర్మాగారమును తెరచెను. 1950–54 నడుమ ఐదు సంపుటములుగా పాఠములు అచ్చయినవి. 1961లో సాల్జ్‌బర్గున ఉపాధ్యాయ శిక్షణాలయము వెలసెను.

ఊడదీయదగిన పలకలో గొప్ప బోధనారహస్యము కలదు. ఆర్ఫ్ తరగతిలో ఆరంభమున ఏడు స్వరములలో నాల్గవదియు ఏడవదియునగు పలకలను తీసివేయుదురు. మిగిలిన ఐదు మన మోహనరాగ స్వరములు: స రి గ ప ధ. అర్ధస్వరాంతరము లేని ఈ ఐదింటిలో దేనిని దేనితో కలిపి మ్రోగించినను చెవికి గట్టి కర్కశత్వము తోచదు. తప్పు చేయుటకే తావులేని రంగమున శిశువును నిలిపి, నిర్భయముగా స్వరమును కల్పించుకొనుమని విడిచిపెట్టుట ఇందలి ఉద్దేశము. దీనికి ఆధారముగా ఒకరిద్దరు పిల్లలు మంద్రపలకలపై షడ్జ పంచమములను ఎడతెగక వాయించుచుందురు. తంబుర శ్రుతి విని పెరిగిన తెలుగువాడు దీనిని తక్షణమే గుర్తుపట్టును. ఆర్ఫ్ తరగతిలో వాయింపునకు ముందు మాట యుండును: పేర్లు, పొడుపుకథలు, సామెతలు లయబద్ధముగా పలికి, ఆ లయను చప్పట్లకును, పిదప తొడలకును, తుదకు పలకలకును దింపుదురు.

మూడవ ధారకు హంగరీ దేశీయుడగు జొల్తాన్ కొడాయ్ (1882–1967) మూలపురుషుడు. గాత్రమున స్థిరపడని వినికిడితో వాద్యమునకు పోవువాడు వ్రేళ్లతోనేగాని చెవితో వాయింపడని ఆయన దృఢవిశ్వాసము. 1950లో కెచ్‌కెమెట్ పట్టణమున ప్రారంభమైన గానపాఠశాలలో పిల్లలు నిత్యము పాడుదురు. చేతిముద్రలతో స్వరస్థానములను చూపుదురు. వాద్యము ఆ పునాదిపై పిదప వచ్చును. వాద్యబోధనకు ప్రతిపక్షమని దీనిని తలంచుట పొరపాటు. ఇది వాద్యమునకు వేళను నిర్ణయించిన పక్షము మాత్రమే.

నాల్గవది జపానునకు చెందిన షినిచి సుజుకి (1898–1998) పద్ధతి. నగోయా నగరమున వయొలిన్ కర్మాగారము నడపిన తండ్రికి జన్మించిన ఈయన, జపాను బాలురందరును జపాను భాషను అవలీలగా మాట్లాడుచున్నారను సామాన్యసత్యమును పట్టుకొని, సంగీతమును కూడ మాతృభాషవలె వినికిడివలనను పునరుక్తివలనను ప్రశంసవలనను ఏల నేర్పరాదని ప్రశ్నించెను. 1946లో మత్సుమొతో పట్టణమున ఆరంభమైన ఆయన బోధనలో మూడు నాలుగేండ్ల పసివాడు తాను నేర్వబోవు పాటను ఇంటిలో దినదినము వినును. అతనికంటె ముందు తల్లియో తండ్రియో వాయించుట నేర్చుకొనును. పెట్టెకు కొలబద్ద నంటించిన కృత్రిమవాద్యముతో పట్టు కుదిరిన పిమ్మటనే నిజమైన చిన్న వయొలిన్ చేతికి వచ్చును. 1964లో సుజుకి శిష్యులు పదిమంది అమెరికాలో పర్యటించి వాయించినప్పుడు పాశ్చాత్య ఉపాధ్యాయులు విస్మితులైరి.

వాద్యముల ఎంపిక

ముప్పదిమంది పిల్లలున్న తరగతికి వాద్యమును ఎన్నుకొనువారు నాదముకంటె ముందు కొన్ని లౌకిక విషయములను ఆలోచింపవలసియుండును. వయొలిన్‌కు తంత్రులు నాలుగు. ముప్పది వయొలిన్లకు నూటయిరువది. ఉపాధ్యాయుడొక్కడే వానినన్నింటిని శ్రుతిచేయునప్పటికి పాఠపు గంట ముగియును. కావుననే శ్రుతి మారని పలకవాద్యములును, నిలువు పిల్లనగ్రోవులును బడులలో ముందుగా వ్యాపించినవి.

నిలువు పిల్లనగ్రోవి ఐరోపాలో 18వ శతాబ్దము తరువాత మరుగునబడిన వాద్యము. ఆర్నాల్డ్ డాల్‌మెచ్ అను పురాతనవాద్య పరిశోధకుని ప్రాచీన గ్రోవి 1919లో లండనులోని వాటర్లూ స్టేషనున మరచిపోబడి మాయముకాగా, దానికి బదులుగా ఆయన క్రొత్తదానిని తానే నిర్మించుకొనెను. ఆ నిర్మాణమునుండి దానికి పునర్జన్మ కలిగినది. 1930 దశాబ్దిలో ఎడ్గర్ హంట్ దానిని ఇంగ్లండు బడులలో ప్రచారము చేసెను. యుద్ధానంతరము ప్లాస్టిక్కుతో పోతపోసినవి చౌకగా లభింపగా, అది లోకమున బడిపిల్లల వాద్యములలో ఒకటిగా నిలిచినది. జపానులో నేటికిని మూడవ తరగతినుండి దానిని నేర్పుదురు. అడ్డముగా పట్టు మన పిల్లనగ్రోవిలో పెదవి అమరిక కుదిరినగాని ధ్వని పుట్టదు. నిలువుదానిలో ఊపిరికి మార్గము ముందే కోయబడియుండును గనుక ఊదిన తోడనే పలుకును. ఎడమచేతి బొటనవ్రేలితోడను మొదటి మూడు వ్రేళ్లతోడను మూడు స్వరములు వచ్చును. ఆ మూటితోనే చిన్న పాటలు పూర్తియగును. ఆరేడేండ్లలో ముందుపండ్లు ఊడు పిల్లలకు ఊదువాద్యము కష్టమగుటచే ఎనిమిదవ ఏట దీనిని ఆరంభించుట మేలు.

వయొలిన్ పిల్లల కొలతలకు తగినట్లు పదునారవ వంతు, ఎనిమిదవ వంతు, పావు, అర, ముప్పాతిక అను పేళ్లతో లభించును. చేయి చాచి వాద్యపు చివరను అరచేత పట్టగలిగినది ఆ పిల్లవానికి తగిన కొలత. కెనడాలోని హాలిఫాక్సు నగరమున చామర్స్ డోన్ 1967నుండి యుకులేలే అను నాలుగు తంత్రుల చిన్న వాద్యమును బడులలో ప్రవేశపెట్టెను. మెత్తని తంత్రులు లేత వ్రేళ్లను కోయవు. వాయించుచు పాడుటకు నోరు ఖాళీగా నుండును. ఈ రెండవ గుణము బోధనాదృష్టితో మిక్కిలి విలువగలది.

తరగతి నడక

చక్కగా నడచు వాద్యపాఠమున మొదటి నిమిషములలో వాద్యములు మ్రోగవు. వాద్యమును ఒడిలోనో నేలపైనో ఉంచు 'విశ్రాంతిస్థితి'ని మొదటి వారముననే ఆటగా అలవరచనిచో, ముప్పదిమంది ఉత్సాహము ముప్పది విధముల గోలయగును. పిదప ఉపాధ్యాయుడు చిన్న లయఖండమును పలుకగా పిల్లలు తిరిగి పలుకుదురు, చప్పట్లతో చరతురు, వ్రేళ్లను గాలిలో ఆడింతురు, అటుపిమ్మటనే వాయింతురు. ఉపాధ్యాయుడు వాయించినదానిని పిల్లలు ప్రతిధ్వనించుట తొలిమెట్టు. ఉపాధ్యాయుని ప్రశ్నకు వేరొక స్వరఖండముతో బదులిచ్చుట రెండవ మెట్టు. పిల్లలు తమలో తామే ప్రశ్నోత్తరములు నడపుట మూడవది. వ్రాతరూపమగు స్వరలిపి, నోటికిని చేతికిని వచ్చినదానిని గుర్తుపెట్టుకొనుటకు సాధనముగా, తరువాత ప్రవేశించును.

అందరును ఒకే వేగముతో ముందునకు సాగరు. ఒకే పాటకు కష్టమున హెచ్చుతగ్గులుగల మూడు నాలుగు భాగములను కూర్చి, ఒకనికి షడ్జపంచమములును, ఒకనికి మరలమరల వచ్చు దరువును, చేయితిరిగినవానికి పాటయంతయును ఒప్పగించుట అనుభవజ్ఞుల ఉపాయము. వెనుకబడినవాడు వెలివేయబడడు, అతడు తప్పిన శ్రుతిగాని లయగాని బృందమంతటికిని తెలియును గనుక అతని పనికిని గౌరవము కలుగును. భాగములను వారమువారము మార్చుట ఇందు ముఖ్యము. లేనిచో దరువు వాయించువాడు ఎప్పటికిని దరువుననే నిలిచిపోవును.

వాద్యమును చేసికొనుటయు పాఠములో భాగమే. ఒకే పరిమాణముగల గాజుగ్లాసులలో వేర్వేరు కొలతల నీరు పోసి చెంచాతో తట్టినచో, నీరు ఎక్కువైనకొలది స్వరము దిగును. సీసాలలో అట్లే నీరుపోసి మూతిపై ఊదినచో, నీరు ఎక్కువైనకొలది స్వరము హెచ్చును. మొదటిదానిలో కంపించునది గాజు; నీటి బరువు దాని కంపనమును మందగింపజేయును. రెండవదానిలో కంపించునది లోపలి గాలి. గాలిస్తంభము పొట్టిదైనకొలది కంపనము త్వరితమగును. ఈ వైపరీత్యమును చేతితో కనుగొన్న మూడవ తరగతి బాలునకు జలతరంగమును పిల్లనగ్రోవియు వేర్వేరు జాతులవి యేలయైనవో వేరుగా చెప్పనక్కరలేదు.

సామూహిక ప్రయత్నములు

1975లో వెనిజువేలా రాజధాని కరాకస్‌లో హోసె అంతోనియో అబ్రెయు ఆరంభించిన వాద్యబృందోద్యమము పేదవాడల పిల్లలకు ఉచితముగా వాద్యములనిచ్చి, మొదటి దినమునుండియే బృందమున కూర్చుండబెట్టినది. మరీ పసివారు కాగితపు ముద్దతో చేసిన వయొలిన్లను పట్టుకొని, పాడుచు, బృందమున కూర్చుండు మర్యాదను ముందుగా అభ్యసింతురు. ఇంగ్లండున 2000లో అప్పటి విద్యామంత్రి డేవిడ్ బ్లంకెట్, కోరిన ప్రతి ప్రాథమిక విద్యార్థికిని వాద్యము నేర్చు అవకాశము కలుగునని ప్రకటింపగా, తరగతికి తరగతిని ఒక్కమారుగా వాద్యముతో కూర్చుండబెట్టు పథకములు దేశమంతట వెలసినవి. తొలియేడు గడచిన పిదప సాధనను కొనసాగింపగలవారు కొద్దిమందే యగుటయు, కొనసాగింపునకు తల్లిదండ్రులు సొమ్ము చెల్లింపవలసివచ్చుటయు అచ్చట ఎదురైన చిక్కులు. మనదేశమున కలింపాంగులోని గాంధీ ఆశ్రమపాఠశాలలో కూలినాలి కుటుంబముల పిల్లలందరును చదువుతోపాటు వయొలిన్ అభ్యసింతురు. కర్ణాటకమున ధార్వాడ సమీపపు కల్కేరి సంగీతవిద్యాలయము పల్లెపిల్లలకు చదువుతోపాటు హిందుస్థానీ సంగీతమును ఉచితముగా నేర్పుచున్నది. పోర్చుగీసు పాలనలో గోవా చర్చిబడులు స్వరలిపిని, వయొలిన్‌ను నేర్పుటవలన, ఆ బడులలో చదివినవారు బొంబాయి సినిమా వాద్యబృందములను ఏండ్లతరబడి నిలిపిరి.

భారతీయ బోధనాక్రమము

మనదేశమున వాద్యమును నేర్పుటకు మిక్కిలి సూక్ష్మమైన సాధనాక్రమము పూర్వమునుండియు కలదు. పురందరదాసు ఏర్పరచినదిగా సంప్రదాయము చెప్పు సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారములు, పిళ్లారి గీతములు గాయకునకును వైణికునకును వయొలిన్ విద్యార్థికిని ఒక్కటే. వీనిలో తొలివరుసలను నేర్పు మాయామాళవగౌళ రాగములో పూర్వాంగమునందలి స్వరాంతరములే ఉత్తరాంగమునందును పునరావృత్తమగును. వీణమెట్లపై స-రి-గ-మలకు అలవడిన వ్రేళ్ల ఎడమే ప-ధ-ని-సలకును సరిపోవును. ఒకే వరుసను మూడు కాలములలో సాధించుటచే, చేయి తాళము వేయుచుండగా నోరు రెట్టింపువడిని పలుకు నేర్పు శిశువునకు అలవడును. మృదంగశిష్యుడు త-ది-తొం-నం అను సొల్లును నోట పలుకనిదే తోలుపై చేయి వేయడు. పాశ్చాత్యులు 20వ శతాబ్దమున వేర్వేరు దారులలో వెదకి కనుగొన్న సూత్రము, పలికిన పిదప వాయించుట, ఇచ్చట గురువునకు ఆచారముగనే తెలిసియున్నది. ఐతే ఈ క్రమము ఏకాంతశిష్యునికొరకు, దీర్ఘకాలసాధనకొరకు రూపొందినది. వారమునకు ఒక గంట లభించు నలువదిమంది తరగతికి దానిని యథాతథముగా దింపినచో, వరుసలతోనే ఏడాది గడచి పాట చేతికి రాకయే పిల్లవాడు విసుగు చెందును.

1937లో గాంధీజీ ప్రతిపాదించిన వార్ధా విద్యాపథకమునకు జాకీర్ హుస్సేను సంఘము కూర్చిన పాఠ్యప్రణాళికలో సంగీతమునకు స్థానము కలదు. అంతకుముందే రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనమున పాటను దినచర్యలో భాగముచేసెను; బాలుర గానమునకు హార్మోనియముకంటె ఎస్రాజు అను తంత్రీవాద్యమును ఆయన ఎక్కువగా మెచ్చెను. మెట్ల నడుమ జారుగమకమును పలుకలేని హార్మోనియమును ఆకాశవాణియు 1940లో బహిష్కరించి 1971లోగాని సడలింపలేదు. చెవికి హార్మోనియము సులభాధారమగుటయు, ఆ సౌలభ్యమే సూక్ష్మస్వరజ్ఞానమునకు అడ్డగుటయు నేటికిని ఉపాధ్యాయుని ఎదుట నిలుచు ద్వంద్వము.

స్వతంత్ర భారతమున 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము కళలను పదవతరగతివరకు బోధనాంశములుగా గుర్తించినది. 2020 జాతీయ విద్యావిధానమును కళలను ఇతర పాఠములతో మేళవింపగోరుచున్నది. కాని 2009 విద్యాహక్కు చట్టపు అనుబంధమున కళాబోధకులను గూర్చిన నిబంధన ఆరవతరగతి మొదలు ఎనిమిదవతరగతి వరకే వర్తించును; అదియు నూరుమందికి మించిన విద్యార్థులున్న చోట, పూర్తికాలము పనిచేయనివారి నియామకముగా మాత్రమే. చెవి మిక్కిలి లేతగానుండు మొదటి ఐదు తరగతులలో సంగీతము తరగతి ఉపాధ్యాయుని అభిరుచికి వదలివేయబడినది.

తెలుగునాట

తెలుగుదేశమున సంగీతవిద్యకు సంస్థారూపమిచ్చినవానిలో విజయనగర సంగీతకళాశాల అగ్రగణ్యము. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు స్థాపించిన ఈ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు ప్రథమాధ్యక్షుడు. ఆయన పిమ్మట 1936లో వయొలిన్ విద్వాంసుడు ద్వారం వేంకటస్వామినాయుడు ఆ పదవిని స్వీకరించెను. హైదరాబాదు, విజయవాడ, తిరుపతి మొదలైన నగరములందలి కళాశాలలును ఈ మార్గముననే నడచినవి. ఇవి అభిరుచి ముందే గలవారిని చేర్చుకొనునట్టివి. ప్రాథమిక పాఠశాలకును వీనికిని నడుమ వంతెన నేటికిని సన్నముగానే యున్నది.

వాద్యసంపదకు మాత్రము ఈ నేల బీదది కాదు. బొబ్బిలి సమీపపు గొల్లపల్లిలో పనసమ్రానును ఏకముగా తొలిచి వీణలను చేయు కుటుంబములు కలవు. నూజివీడును వీణానిర్మాణమునకు ప్రసిద్ధము. కాని ఇరువదినాలుగు మెట్ల నిండువీణ ఎనిమిదేండ్ల పిల్లకు ఒడిలో అమరదు, తరగతికి చాలినన్ని కొనుటయు సాధ్యము కాదు. బాలునకు తగిన తెలుగువాద్యములు జానపదుల చేతులలో కలవు: కోలాటపు కోలలు, చెక్కభజన చిడతలు, కంజీర, డక్కి, జముకు, తంబుర, ఉత్తరాంధ్రపు తప్పెటగుళ్లు, తెలంగాణపు డప్పు, సొరకాయబుర్రల కిన్నెర. పండ్రెండు మెట్ల కిన్నెరను వాయించు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించిన పిదప ఆ వాద్యము పేరు బడిపిల్లలకును తెలియవచ్చినది.

కోలాటము తరగతిగదికి అచ్చముగా సరిపోవు వాద్యపాఠము. చేతిలో రెండు కోలలు, నోట పాట, కాళ్లలో అడుగు, ఎదుట జతగాడు. తాళము తప్పినచో ఎదుటివాని కోలకు తన కోల తగులదు గనుక ఉపాధ్యాయుడు దిద్దకయే తప్పు తెలిసిపోవును. డాల్‌క్రోజ్ దేహలయయు ఆర్ఫ్ సామూహిక వాద్యమును ఇందు ఒక్కటిగా కలిసియున్నవి. డప్పు విషయము మరింత గంభీరమైనది. మేకతోలు బిగించిన కట్టెవలయమును నిప్పుసెగన కాచి, రెండు చేతులతో రెండు తీరుల పుల్లలను పట్టి వాయించు ఈ వాద్యమున దరువుల వైవిధ్యము అపారము. ఐనను కులవివక్ష దానిని చావుమ్రోతకును ఊరిచాటింపునకును కట్టివేసి, వాయించువానిని వెలివాడలో నిలిపినది. బడిలో అన్ని కులముల పిల్లలును డప్పును చేతబట్టునప్పుడు, దానిని తరతరములుగా కాపాడిన కళాకారుని గురువుగా కుర్చీపై కూర్చుండబెట్టి నేర్చుకొననిచో, అతని విద్యను గైకొని అతనిని మరల వాకిట నిలిపినట్లగును.

పిల్లలు తామే చేసికొను వాద్యములును తెలుగు పల్లెలలో కలవు. తాటాకు బూర, మొలకెత్తిన మామిడిటెంకను అరగదీసి ఊదు పీపీ మొదలగునవి ఏ పాఠ్యగ్రంథమును బోధింపకయే ఒక తరమునుండి మరియొక తరమునకు వచ్చినవి. అమెరికాలో పెరుగు తెలుగుపిల్లలది మరియొక అనుభవము. అచ్చటి బడిలో వయొలిన్‌ను నిలుచుండి గడ్డముక్రింద ఇరికించి వాయించు బాలిక, వారాంతమున కర్ణాటక గురువుకడ నేలపై కూర్చుండి, వాద్యపు కొసను పాదముపై ఆనించి, తంత్రులను షడ్జపంచమములకు శ్రుతిచేసి వాయించును. రెండు కూర్చుండుపద్ధతులును రెండు శ్రుతులును ఒకే దేహమున ఇముడుటకు కొంతకాలము పట్టినను, సంగీతము ఒకటికంటె ఎక్కువ భాషలు మాట్లాడునని ఆమెకు చేతివ్రేళ్లే తెలుపును.

ప్రయోజనములు, పరిశోధనలు

సంగీతము నేర్చిన బాలుడు గణితమున చురుకగునని తల్లిదండ్రులలో ప్రబలిన నమ్మకము. 1993లో వెలువడిన 'మొజార్ట్ ప్రభావ' పరిశోధన దీనికి ఆధారముగా తరచు పేర్కొనబడును గాని, అది కళాశాల విద్యార్థులు సంగీతము విన్న పిదప కొద్దినిమిషములు నిలిచిన ఫలితమును గూర్చినది; శిశువులను గూర్చినది కాదు, వాయించుటను గూర్చినదియు కాదు. 2004లో గ్లెన్ షెలెన్‌బర్గ్ ఆరేండ్ల పిల్లలు 144 మందిని విభజించి, కొందరికి సంగీతమును, కొందరికి నాటకమును నేర్పించి, కొందరికి ఏమియు నేర్పింపక పరీక్షింపగా, సంగీతము నేర్చినవారి బుద్ధిలబ్ధి ఇతరులకంటె స్వల్పముగా హెచ్చినట్లు తేలెను. 2020లో సాలా, గొబె అనువారు 54 పరిశోధనలను, సుమారు 7,000 మంది పిల్లల ఫలితములను క్రోడీకరించి, పరిశోధన ఎంత కట్టుదిట్టముగా జరిగినచో చదువులపై కనబడు ప్రభావము అంతగా సన్నగిల్లుచున్నదని నిర్ణయించిరి. మరియొకవైపు, లాస్ ఏంజిలిసు పేదపిల్లలపై నీనా క్రౌస్ బృందము జరిపిన పరిశీలనలో వాక్‌ధ్వనులను మెదడు గ్రహించు తీరు రెండేండ్ల శిక్షణానంతరము మెరుగుపడినట్లును, ఒక్క ఏటితో మార్పు కనబడనట్లును 2014లో తేలినది.

వీనినుండి సంగీతము గణితమునకు దొడ్డిదారి కాదనియు, చెవికి సంబంధించిన మేలు చెవికే మొదట చేకూరుననియు, అదియు సంవత్సరముల సాధనవలననే కలుగుననియు గ్రహింపవచ్చును. లెక్కలు బాగుగా రావలెనన్నచో లెక్కలు నేర్పుటయే సూటిమార్గము. సంగీతమును సంగీతముకొరకే నేర్పవలెను.

ఆచరణలోని చిక్కులు

వాద్యములను కొనుట ఒక్కనాటి ఖర్చు. వానిని నిలుపుకొనుట నిత్యపు ఖర్చు. తెగిన తంత్రిని మార్చువారును, వానకాలమున సడలిన తోలును బిగించువారును, ఊదువాద్యపు మూతిని ఉపయోగానంతరము కడుగు ఏర్పాటును లేని బడిలో, బీరువాలో తాళము పడిన వాద్యములే మిగులును. తంత్రులు నొక్కు లేతవ్రేళ్లకు తొలివారములలో నొప్పి కలుగును. పాఠమును పది పదునైదు నిమిషముల తునకలుగా విరుచుట దానికి మందు. మూసిన చిన్నగదిలో ముప్పది గ్రోవులు ఒక్కమారు మ్రోగినచో ఉపాధ్యాయుని చెవులకే హాని. సగముమంది వాయించుచుండగా సగముమంది పాడుటయో తాళము వేయుటయో దీనికి పరిహారమును, బోధనాదృష్టితో లాభమును. పక్కగదిలో లెక్కలు చెప్పు సహోపాధ్యాయుని సహనమును గణనలోనికి తీసికొనవలసినదే.

వీనినన్నింటిని మించిన చిక్కు ఉపాధ్యాయుని భయము. తనకు సంగీతము రాదను భావముతో తరగతి ఉపాధ్యాయుడు వెనుదీయును. విద్వాంసుడు రానిదే పని మొదలుకాదని అధికారి తలంచును. ఐదుస్వరములను శ్రుతిలో పాడగలిగి, ఆదితాళమును నిలుకడగా వేయగలిగి, పిల్లలకంటె ఒక పాఠము ముందుగా నేర్చుకొనగలిగిన ఉపాధ్యాయుడు తొలియేటి తరగతిని నడపగలడు. సుజుకి పద్ధతిలో వాద్యము ముందుగా పట్టిన తల్లియు విద్వాంసురాలు కాదు. బిడ్డకంటె ఒక పాఠము ముందున్నది, అంతియే. సరఫరా కావలసిన వాద్యములు వచ్చువరకు రెండు కోలలును, ఒక డప్పును, నీరుపోసిన ఐదు గ్లాసులును ఉన్నచో, ఉపాధ్యాయుడు మొదటి దరువును నోట పలికి పిల్లలచేత తిరిగి పలికింపవచ్చును.